అడ్డం పరిచిన జంఖానాలు

ఆరో జంఖానాను గోడ మీద వేసి బరిగెతో కింది నుంచి పైకి కొడుతున్నాడు ఓదెలు. పై నుంచి కిందికి కొడితే దుమ్ము నేతలోకే దిగిపోతుంది. కింది నుంచి కొడితే లేచి గాలిలో కలుస్తుంది. ఈ సంగతి అతనికి ఎవరూ చెప్పలేదు. ముప్ఫై ఏడేళ్ళుగా కొట్టి కొట్టి చేతికే తెలిసింది. రెండు రోజులుగా పట్టిన ముసురు ఆ ఉదయమే కాస్త తెరిపిచ్చింది. మళ్ళీ వాన మొదలయ్యేలోగా పది జంఖానాలు దులిపి, చుట్టి, బండికెక్కించాలి.

చార్‌కమాన్ వెనక సందులో ఉన్న ఆ దుకాణానికి పేరు పలక లేదు. ‘జంఖానాల దుకాణం’ అంటే పాతబస్తీలో ఎవరైనా చూపిస్తారు. పెళ్ళికైనా చావుకైనా, ముషాయిరాకైనా భజనకైనా కింద పరిచేవి అక్కడి నుంచే పోవాలి. యజమాని జలాలుద్దీన్. ఆయన తండ్రి కాలంలో పనికి చేరిన ఫరాషు ఓదెలు. జనం రాకముందే వెళ్ళి పరిచి, జనం పోయాక దులిపి చుట్టుకొని వచ్చేవాణ్ణి ఫరాషు అంటారు. అందుకే ఊళ్ళో ఇన్ని వేల మంది అతను పరిచినదాని మీద కూర్చున్నా, అతని ముఖం గుర్తుపట్టగలిగిన వాళ్ళు చాలా తక్కువ.

పొట్టి మనిషి. నల్లటి ఒళ్ళు, తెల్లబడిన పిలక, చెవులకు సన్నని రాగి పోగులు. చుట్టలు మోసి మోసి ఎడమ భుజం కుడిదానికన్నా రెండు వేళ్ళు కిందికి జారింది. మోకాళ్ళ మీద పాకుతూ ముడతలు సవరించడం వల్ల రెండు మోకాళ్ళకూ కాయలు కాశాయి. అరచేతులు మాత్రం మెత్తగా, నున్నగా ఉంటాయి. నూలు నేత మీద రోజూ రుద్దితే ఎంత మొరటు చెయ్యైనా అలాగే అవుతుంది.

మూసీ పొంగి సగం ఊరు కొట్టుకుపోయిన మరుసటి ఏడు, ఓదెల అనే ఊరికి అవతలి పల్లె నుంచి తండ్రి వెంట గొంగళ్ళు అమ్మడానికి వచ్చాడు. అప్పటికి పదిహేనేళ్ళు. పొద్దంతా తిరిగినా అమ్ముడుపోని గొంగళ్ళను సాయంత్రం ఈ దుకాణం అరుగు మీదే మడతపెట్టి చుట్టాడు. జలాలుద్దీన్ తండ్రి హుక్కా పక్కన పెట్టి ఆ చుట్టడం చూశాడు. ఒక్క ముడత లేదు, ఒక్క అంచు ఎక్కువ తక్కువ లేదు. ‘పిల్లవాణ్ణి వదిలిపో’ అని తండ్రిని అడిగాడు. తండ్రి వదిలిపోయాడు. ఆ తరవాత ఓదెలు ఊరికి పోయింది మూడుసార్లే. పెళ్ళికి ఒకసారి, తల్లి పోయినప్పుడు ఒకసారి, తండ్రి పోయినప్పుడు ఒకసారి.

ఎనిమిదో జంఖానా గోడకెక్కేసరికి బుచ్చమ్మ వచ్చింది. తల మీద, కుట్టి తెచ్చిన జంఖానా చుట్ట. దాని మీద రొట్టెల మూట. దుకాణంలో చిరిగినవన్నీ దూద్‌బౌలిలోని వాళ్ళ గదికి పోతాయి. ఆమె దబ్బనంతో కుట్టి పంపుతుంది. చుట్ట దింపుతూ మొగుడి ముఖంలోకి చూసింది.

“చెయ్యి ఎట్లున్నది?”

“చెయ్యికేంది. మోసిన చెయ్యి, గింత గుంజుతది.”

“నిన్న చెంబు గూడ లేవట్టకపోతివి.”

“ముసురుకు నరాలు పట్టుకున్నయి. నువ్వు ఫికర్ చెయ్యకు.”

బుచ్చమ్మ కొంగు తడిపి అతని కనుబొమ్మల మీద పేరుకున్న దుమ్ము తుడిచింది. పుట్టిన ఇద్దరు పిల్లలూ ఏడాది నిండకుండానే పోయాక, ఆమెకు తుడవడానికి మిగిలిన ముఖం అదొక్కటే. ఓదెలు కళ్ళు మూసుకొని నిలబడ్డాడు. తుడవడం అయ్యాక ఆమె కుట్టిన చోట అంచు పట్టుకొని చూపించింది. అక్కడ ఒకప్పుడు ఎవరి హుక్కా నిప్పో పడి జానెడు మేర కాలింది. ఇప్పుడు వేలితో తడిమితే తప్ప తెలియదు.

“బాగ కుట్టినవ్,” అన్నాడు.

“తొందర్గ రా. వానల నిలవడకు.” అంతే చెప్పి ఆమె వెళ్ళిపోయింది.

జలాలుద్దీన్ లోపలి నుంచి వచ్చాడు. నలభై దాటినవాడు, కాస్త స్థూలకాయం. చిన్నప్పుడు మధ్యాహ్నాలు ఈ చుట్టల మధ్య ఓదెలు పక్కనే నిద్రపోయేవాడు. యజమాని అయ్యాక కూడా భాయ్ అన్న అప్పటి పిలుపు మారలేదు.

“ఓదెలు భాయ్, ఇయ్యాల మొగల్‌పురా దేవిడీల. జుమ్మా నమాజ్ అయినంక వస్తరు. కొత్వాలీ పోలీసులు ఎవరన్న వచ్చి అడిగితె పెండ్లి ఖాయం చేసె మంగ్నీ అని చెప్పు.”

“మంగ్నీ గాదా సాబ్?”

జలాలుద్దీన్ గొంతు తగ్గించాడు. “యూనియనోళ్ళు. మీటింగ్ అంటె ఇజాజత్ ఇయ్యరు గద, అందుకని మంగ్నీ అని రాయించిన్రు. రియాసత్ మొత్తం అసెంబ్లీ ఎలక్షన్ వస్తున్నది. ఈ పక్క మజ్దూర్లకు ఒక్క సీటు ఇచ్చిన్రు. బొత్తాల కార్ఖానోళ్ళు తమ మనిషిని నిలవెడ్తమంటరు. అచ్చు పని చేసె ఛాపఖానోళ్ళు తమ మనిషిని నిలవెడ్తమంటరు. వీళ్ళు గిట్ల కొట్లాడుకుంటె నడిమిట్ల మాలికుల మనిషి గెలుస్తడు. అందుకే అందరు కలిసి ఒక్క మహాజ్ కడ్దమని కూసుంటున్నరు.”

“మహాజ్ అంటె?”

“అందరు ఒక్క పక్క నిలవడుడు.”

ఓదెలు తల ఊపాడు.

“ఇంకొక మాట,” అన్నాడు జలాలుద్దీన్. “జంఖానాలు నిలువున పరువు. అయిదు అటు, అయిదు ఇటు. నడుమ మనిషి నడిచేంత దారి ఇడువు. బొత్తాలోళ్ళు కుడి దిక్కు, ఛాపఖానోళ్ళు ఎడమ దిక్కు. ఒకరి మోకాలు ఒకరికి తగలొద్దంట. నిన్న బొత్తాల తాహిర్ వచ్చి చెప్పిండు, ఆయన పోంగనే ఛాపఖానా భిక్షపతి వచ్చి చెప్పిండు. అన్నిట్ల కొట్లాడెటోళ్ళు, గిదొక్క దాంట్ల మాత్రం ఇద్దరిది ఒక్కటే మాట.”

బండి లాగేది కృష్ణయ్య. ఓదెలు వయసువాడే, ఆపకుండా మాట్లాడేవాడు. అతను ముందు లాగుతుంటే ఓదెలు వెనక నుంచి తోశాడు. చార్మినార్ చుట్టూ తిరిగేటప్పుడు లాడ్ బజార్ వైపు నుంచి లక్క కరుగుతున్న వాసన వచ్చింది. వెనక సందుల్లో ఆడవాళ్ళు బొగ్గుల కుంపటి ముందు కూర్చొని లక్కను సాగదీసి గాజులు చుడుతుంటారు. ఆ పొగకు వాళ్ళ కళ్ళు ఎప్పుడూ ఎర్రగానే ఉంటాయి. అక్కడి పెళ్ళిళ్ళకూ ఓదెలు ఎన్నోసార్లు పరిచాడు. ఊళ్ళో ఏ గల్లీ చూసినా అతనికి ఇళ్ళు గుర్తుకు రావు, నేలలే గుర్తుకొస్తాయి. ఈ ఇంటి వసారా ఒక పక్కకు వాలి ఉంటుంది. ఆ ఇంటి ముంగిట బండ లేచి ఉంటుంది, దాని మీద రెండు పొరలు వెయ్యాలి.

మొగల్‌పురా మలుపు దగ్గర ఎడమ చేయి బండి మీద నుంచి తనంత తాను జారింది. కృష్ణయ్య బండి ఆపి వెనక్కి చూశాడు.

“ఓదెలన్నా, జర కూసో. ముఖం తెల్లవడ్డది.”

“నల్లటోణ్ణి, నా ముఖమెట్ల తెల్లవడ్తదిరా,” అని నవ్వి, కుడి భుజం ఆనించి మళ్ళీ తోశాడు ఓదెలు.

దేవిడీ హాలు పెద్దది. ఒకప్పుడు ఎవరో జాగీర్దారుది. ఇప్పుడు కాపలావాడు తప్ప ఎవరూ లేరు. రెండు వరసల స్తంభాలు, పైన నల్లబడిన దూలాలు. కృష్ణయ్య చుట్టలన్నీ లోపల దింపి, సాయంత్రం వస్తానని వెళ్ళిపోయాడు. ఓదెలు నేల ఊడ్చి, చెప్పిన ప్రకారమే మొదటి జంఖానాను కుడి స్తంభాల వెంట నిలువుగా దొర్లించాడు. రెండోదాన్ని ఎడమ స్తంభాల వెంట దొర్లించాడు. లేచి నిలబడి చూశాడు. రెండింటి మధ్య గుమ్మం దాకా నేరుగా సాగిన బండల దారి కనిపించింది.

ఆ దారిని అతను ఇంతకు ముందు చూశాడు. చాలా ఏళ్ళ కిందట యాకుత్‌పురాలో ఒక పెళ్ళి. మగపెళ్ళివారికీ ఆడపెళ్ళివారికీ మాటామాటా వచ్చిందని, అటు కొన్ని ఇటు కొన్ని నిలువుగా పరిపించి మధ్యలో దారి వదలమన్నారు. అతను అలాగే వదిలాడు. భోజనాల ముందు ఏదో చిన్న మాట. పెళ్ళికొడుకు మేనమామ చటుక్కున లేచి, ఆ దారిన నేరుగా గుమ్మం దాటాడు. ఆయన వెనక నలభై మంది వెళ్ళిపోయారు. అడ్డుకోవడానికి ఎవరికీ వ్యవధి చిక్కలేదు. పెళ్ళికూతురు ఎర్ర దుపట్టా కప్పుకొని పొద్దుగూకేదాకా అలాగే కూర్చుంది. జంఖానాలు చుట్టడానికి లోపలికి పోయిన ఓదెలుకు ఆమె గోరింటాకు పాదాలు మాత్రం కనిపించాయి. ఆ పిల్ల సంగతి తరవాత ఏమైందో అతనికి తెలియదు. కానీ ఆ దారి తానే వదిలాడన్న సంగతి మాత్రం అతని మనసులోంచి పోలేదు.

అప్పటి నుంచి ఎక్కడైనా రెండు పక్షాల మధ్య పొరపొచ్చాలు ఉన్నాయని వినబడితే, అడ్డంగా పరిచేవాడు. ఎవరూ గమనించేవాళ్ళు కాదు. అయితే ఇలా పరువు, అలా పరవొద్దు అని యజమాని నోటితో చెప్పడం మాత్రం ఇదే మొదలు. ముప్ఫై ఏడేళ్ళలో ఆ ఇంటివాళ్ళ మాట ఒక్కటి కూడా అతను జవదాటలేదు. పరిచిన రెంటి మధ్య బండల మీద కూర్చొని చాలాసేపు ఆలోచించాడు. మూట విప్పి రొట్టె తుంచాడు కానీ తినబుద్ధి కాలేదు.

చివరికి లేచి, పరిచిన రెండింటినీ మళ్ళీ చుట్టాడు.

అడ్డంగా పరవడం ఎక్కువ పని. గోడ నుంచి గోడకు ఒక్కొక్కటి లాగి, దాని అంచు మీద తరవాతి దాని అంచు రెండు వేళ్ళ మందం ఎక్కించాలి. లేకపోతే జనం నడిచినప్పుడు జరిగి మధ్యలో నేల బయటపడుతుంది. మోకాళ్ళ మీద పాకుతూ, కుడి చేత్తో లాగుతూ, ఎడమ అరచేతిని ఊరికే ఆనించి సవరించుకుంటూ పోయాడు. మధ్య మధ్య ఆగి ఊపిరి పీల్చుకున్నాడు. పదోది పరిచేసరికి హాలంతా నీలం, ఎరుపు చారలతో ఒకే నేలయింది. ఎక్కడ ఏది మొదలై ఏది ముగిసిందో, పరిచిన అతనికి తప్ప ఇంకెవరికీ తెలియదు.

ముందుగా వచ్చింది షౌకత్ బీ. లాడ్ బజార్ గాజులు చేసే ఆడవాళ్ళకు ఆమే పెద్ద. యాభై ఏళ్ళుంటాయి. సన్నని మనిషి, వేళ్ళ చివర లక్క కాలిన మచ్చలు. కొత్వాలీ వాళ్ళు వస్తే మంగ్నీ అని నమ్మాలి కనక ఒక పళ్ళెంలో పటికబెల్లం పట్టుకొచ్చింది. వెంట ఏడుగురు ఆడవాళ్ళు. నేల వంక చూసి ఒక్క క్షణం ఆగింది.

“దారి ఇడువలేదేంది, బాపు?”

కప్పు కారుతోందని చెప్పాలని ఓదెలు ముందే అనుకున్నాడు. నిజంగానే రెండు రోజుల ముసురు నీరు ఒక మూల ఇంకా చుక్కలుగా పడుతోంది. కానీ ఆమె ఎర్రటి కళ్ళు చూశాక అబద్ధం నోట రాలేదు.

“నిలువున పరిస్తె రెండు బాటలైతయి, బీబీ. లేచిపోయెటోనికి అల్కగుంటది. అడ్డం పరిస్తె ఎట్ల కూసున్నోళ్ళు గట్ల కలిసిపోతరు. నా ఇష్టంతోని పరిచిన. మా సాబ్‌కు తెల్వది.”

షౌకత్ బీ అతని వంక చూసింది. తన ఆడవాళ్ళను తీసుకుపోయి సరిగ్గా హాలు మధ్యలో కూర్చోబెట్టింది.

వాన మొదలైంది. తడవకుండా ఉండాలని అందరూ ఒక్కసారే లోపలికి జొరబడ్డారు. బొత్తాల కార్ఖానా వాళ్ళు, ఛాపఖానా వాళ్ళు, బీడీలు చుట్టేవాళ్ళు, రైలు కార్ఖానా వాళ్ళు కలిపి ఎనభై మంది దాకా ఉంటారు. ఎవరు ఎటు కూర్చోవాలో నేల చెప్పలేదు కనక దొరికిన చోట కూర్చున్నారు. తాహిర్ ఆలస్యంగా వచ్చాడు. పొడుగాటి మనిషి, కుడి చేతికి రెండు వేళ్ళు లేవు, బొత్తాల మిషన్ తినేసింది. వాకిట్లో నిలబడి తనవాళ్ళ కోసం వెతికాడు. ఒకడు ముందు మూల, ముగ్గురు స్తంభం దగ్గర, మిగతావాళ్ళు అక్కడక్కడ చెదిరి ఉన్నారు. ముఖం చిట్లించుకొని, ఖాళీ ఉన్న ఒక్క చోటనే కూర్చున్నాడు. అటూ ఇటూ ఛాపఖానా వాళ్ళే. ఎదురుగా, నాలుగు మోకాళ్ళ అవతల భిక్షపతి ఉన్నాడు. ముప్ఫై ఏళ్ళవాడు, గోళ్ళ కింద సిరా నలుపు.

ఓదెలు గుమ్మం పక్క స్తంభాన్ని ఆనుకొని నిలబడ్డాడు. అతని చోటు ఎప్పుడూ అదే.

అరగంట బాగానే సాగింది. అభ్యర్థి పేరు దగ్గరికి వచ్చేసరికి తాహిర్ గొంతు మారింది.

“కిందటేడు ఇరవయ్యారు దినాలు మేం గేటు ముందర కూసున్నం. ఇరవయ్యేడో దినం గోడల మీద నోటీసు వడ్డది. పనికి రానోళ్ళ పేర్లు కొట్టేస్తమని. ఆ నోటీసు ఛాపింది ఎవరు? మీ ఛాపఖానా. గోడ మీద గంజి ఇంక ఆరనే లేదు, మావోళ్ళు సగం మంది తలకాయలు వంచుకొని లోపటికి వోయిన్రు. గిసొంటోళ్ళతోని మహాజ్ ఏంది? లేవుండ్రి భాయ్, పోదం.”

లేచి నిలబడ్డాడు. అక్కడక్కడ అతనివాళ్ళు కూడా లేవబోయారు. కానీ పోవడానికి దారి లేదు. ముందూ వెనకా మోకాలికి మోకాలు తగిలించుకొని మనుషులు. ఒకడు పక్కవాడి భుజం మీద చెయ్యి వేసి లేచి, ఎక్కడ అడుగు పెట్టాలో తెలియక మళ్ళీ కూర్చున్నాడు. తాహిర్ ముందు కళ్ళద్దాల ముసలి కంపోజిటర్ ఒకాయన బాసింపట్టు వేసుకొని ఉన్నాడు.

“జర ఆగు బిడ్డా,” అన్నాడాయన. “కాలు తిమ్మిరెక్కింది. జరుగుత.”

రెండు చేతులతో కాలు పట్టుకొని మెల్లగా, చాలా మెల్లగా జరపసాగాడు. తాహిర్ నిలబడి ఎదురు చూడాల్సి వచ్చింది. ముసలాయన కాలు తొక్కి పోలేడు కదా. అప్పుడు భిక్షపతి తల దించుకొనే మాట్లాడాడు.

“తాహిర్ భాయ్, ఆ నోటీసు కంపోజ్ చేసింది నేనే.”

అందరూ అటు తిరిగారు.

“ఒక్కొక్క అచ్చరం ఈ యేళ్ళతోని ఏరి పెట్టిన. పేర్లు కొట్టేయబడును అన్న కాడ చెయ్యి ఆగింది. ఇంట్ల నా భార్య నిండు నెలలతోని ఉండె. ఆగిన చెయ్యి మళ్ళ కదిలింది. తప్పు నాది. సంఘానిది గాదు. ఏడాది నుంచి మీకు చెప్పాలనుకుంటున్న. మీ గల్లీ దాక వచ్చి మల్లిపోయిన.”

ముసలి కంపోజిటర్ ఆపాటికి కాలు జరిపాడు. ఒక మనిషి పోయేంత చోటు ఏర్పడింది. తాహిర్ ఆ చోటు వంక చూశాడు. తన చేతి వంక, లేని వేళ్ళ వంక చూసుకున్నాడు. భిక్షపతి సిరా గోళ్ళ వంకా చూశాడు. తాహిర్ ఒక అడుగు ముందుకు వేసి, ముసలాయన ఇచ్చిన చోటులోనే కూర్చున్నాడు. ఇప్పుడు అతనికీ భిక్షపతికీ మధ్య ఒక్క మోకాలి దూరం కూడా లేదు.

భిక్షపతిని అడిగాడు. “ఎవరు పుట్టిండ్రు?”

“ఆడపిల్ల.”

“పేరు?”

“లలిత.”

“మంచి పేరు,” అన్నాడు తాహిర్. “నేను అరుస్తనే ఉంట భిక్షపతీ. నా నోరు గంతే. నువ్వు రాయి, ముందరికి నడువనీ.”

గుమ్మం దగ్గర ఓదెలు పట్టుకున్న ఊపిరి వదిలాడు. ఎంతసేపటి నుంచి పట్టుకున్నాడో అతనికే తెలియదు. యాకుత్‌పురా పిల్ల గోరింటాకు పాదాలు కళ్ళ ముందు మెదిలి, ఆ రోజు తరవాత మొదటిసారి, మెల్లగా లేచి ఎటో నడిచిపోయినట్టు అనిపించింది.

ఆ తరవాత పని తొందరగానే తెమిలింది. రెండు సంఘాలకూ చెందని రైలు కార్ఖానా మేస్త్రీ సోమయ్యను నిలబెట్టాలన్నారు. సోమయ్య నాకొద్దంటే నాకొద్దన్నాడు. అందుకే నువ్వే కావాలన్నారు అందరూ. భిక్షపతి తెలుగులో ఒక కాగితం, షౌకత్ బీ తమ్ముడు ఉర్దూలో ఒక కాగితం రాశారు. ఏయే పనివాళ్ళు ఈ ఉమ్మడి మహాజ్‌లో ఉన్నారో కింద రాయాలి. షౌకత్ బీ ఒక్కొక్కటే చెబుతోంది. బొత్తాలు, ఛాపఖానా, బీడీలు, గాజులు, రైలు. చెబుతూ చెబుతూ గుమ్మం వైపు చూసి ఆగింది.

“బాపు, నువ్వు ఏ సంఘం?”

ఓదెలు వెనక్కి చూశాడు. ఇంకెవరినో అడుగుతోందనుకున్నాడు. అక్కడ ఎవరూ లేరు.

“నాకేం సంఘం, బీబీ. పరిచెటోణ్ణి.”

“పరిచెటోడు మజ్దూర్ గాదా? వచ్చి కూసో.”

“పరిచినోళ్ళు కూసోరు, బీబీ.”

“ఎవరన్నరు?”

ఓదెలు ఆలోచించాడు. ఎవరూ అనలేదు. ముప్ఫై ఏడేళ్ళలో కూర్చోవద్దని అతనికి ఒక్కరూ చెప్పలేదు. కూర్చోమనీ ఒక్కరూ చెప్పలేదు. అతను ఇంకా నిలబడే ఉంటే, అంచున ఉన్న బీడీల మనిషి జరిగి చోటిచ్చాడు. ముసలి కంపోజిటర్ కళ్ళద్దాల్లోంచి చూస్తూ “రావయ్యా, కాళ్ళు నొస్తయి,” అన్నాడు. ఓదెలు జంఖానా మీద ఒక కాలు, తరవాత రెండో కాలు పెట్టి, దాన్ని నొప్పించకూడదన్నంత మెల్లగా స్తంభానికి ఆనుకొని కూర్చున్నాడు.

కూర్చుంటే అది వేరేగా ఉంది. మోకాళ్ళకు తెలిసిన నేత కాదు. మెత్తగా, ఎనభై మంది ఒంటి వేడితో వెచ్చగా ఉంది. అరచెయ్యి కింద సన్నని గట్టు లాంటిది తగిలింది. తడిమి చూశాడు. జానెడు కుట్టు. బుచ్చమ్మది. అంత హాలులో, పది జంఖానాల్లో, సరిగ్గా ఆ చోటే తనకు దొరికినందుకు అతనికి నవ్వొచ్చింది. చెయ్యి అక్కడే ఉంచుకున్నాడు.

“ఫరాషులు,” అని చెప్పింది షౌకత్ బీ. భిక్షపతి రాశాడు.

ఒప్పుకున్నవాళ్ళు చేతులెత్తమన్నారు. హాలంతా చేతులు లేచాయి. సిరా చేతులు, లక్క చేతులు, వేళ్ళు లేని చెయ్యి. ఓదెలు అలవాటుగా ఎడమ చెయ్యి ఎత్తబోయాడు. అది లేవలేదు. కుట్టు మీది కుడి చెయ్యి తీసి ఎత్తాడు. లెక్కపెట్టేవాడు తన దగ్గరికి వచ్చేదాకా దింపలేదు. తరవాత మళ్ళీ ఆ చేతిని కుట్టు మీదనే పెట్టుకున్నాడు.

మంగ్నీకని తెచ్చిన పటికబెల్లం పళ్ళెం చేతులు మారుతూ వచ్చింది. అందరూ తీసుకున్నారు కనక అతనూ ఒక పలుకు తీసుకొని నాలుక కింద పెట్టుకున్నాడు. ఎవరో ఏదో పాట అందుకున్నారు. ఉర్దూ సగం, తెలుగు సగం. అర్థమైనంత మేర బాగుంది. ఛాతీలో బరువైన చుట్ట ఒకటి దొర్లినట్టయింది. దొర్లి, మెల్లగా విప్పుకొని, ఒక్క ముడత లేకుండా పరుచుకుంది. ఓదెలు స్తంభానికి తల ఆనించాడు.

పాట అయ్యాక చాయ్ వచ్చింది. బీడీల మనిషి ఓదెలు ముందు కూడా ఒక కప్పు పెట్టి, నిద్ర పోయాడనుకొని లేపలేదు. పొద్దంతా పనిచేసినవాడు, పడుకోనీ అనుకున్నాడు. కాగితాల మీద సంతకాలు, వేలిముద్రలు అయ్యాయి. ఇంకొద్దిసేపట్లో పొద్దుగూకుతుందని జనం లేవడం మొదలుపెట్టారు. షౌకత్ బీ వచ్చి, “బాపు, వేలిముద్ర నీది ఒక్కటే మిగిలింది,” అంటూ భుజం తట్టింది. మళ్ళీ తట్టబోయి, చెయ్యి తీసుకుంది. పక్కనే మోకాళ్ళ మీద కూర్చొని తన దుపట్టా సర్దుకుంది.

“తాహిర్,” అని పిలిచింది. గట్టిగా కాదు.

కాపలావాడి నులకమంచం తెచ్చారు. ముసలి కంపోజిటర్ అతని అరమోడ్పు కళ్ళను పూర్తిగా మూశాడు. ముందు తాహిర్, భిక్షపతి, వెనక సోమయ్య, ఇంకొక బొత్తాల మనిషి భుజం పట్టారు. పొడుగాటి తాహిర్ పక్కన భిక్షపతి పొట్టి. మంచం ఒక పక్కకు వాలకుండా తాహిర్ దారి పొడుగునా వంగి నడిచాడు. దూద్‌బౌలికి వాళ్ళకన్నా ముందు షౌకత్ బీ వెళ్ళింది. బుచ్చమ్మ దబ్బనంలోకి దారం ఎక్కిస్తోంది. వచ్చినామె ముఖం చూసి, దారం వదిలేసి లేచింది. షౌకత్ బీ ఆమె రెండు చేతులూ పట్టుకుంది.

“తిన్నడా?” అని అడిగింది బుచ్చమ్మ.

“పటికబెల్లం తిన్నడు, అక్కా. అందరితోని కూసోని తిన్నడు.”

కబురు అంది జలాలుద్దీన్ దూద్‌బౌలికి పోయి, అక్కడి నుంచి దేవిడీకి వచ్చాడు. ఎవరూ లేరు. వాన వెలిసింది. కృష్ణయ్య బండి పక్కన నేల చూస్తూ కూర్చున్నాడు. జలాలుద్దీన్ లోపలికి పోయి, అడ్డంగా పరిచి ఉన్న జంఖానాలు చూశాడు. ఆ చివర నుంచి ఈ చివర దాకా చూశాడు. తను చెప్పింది ఒకటి, ఓదెలు పరిచింది ఒకటి. కోపం వస్తుందేమోనని ఒక క్షణం ఎదురు చూశాడు. రాలేదు. కూర్చొని మొదటిదాన్ని తన చేతులతోనే చుట్టడం మొదలుపెట్టాడు. అది వంకరగా వచ్చింది. విప్పి మళ్ళీ చుట్టాడు. మళ్ళీ వంకరగానే వచ్చింది. దాని మీద చెయ్యి వేసుకొని చాలాసేపు కూర్చుండిపోయాడు.

పదీ బండికెక్కాక గుమ్మం బయటికి వచ్చాడు. సాయంత్రం అంతమంది ఒక్కసారిగా లేచినా, ఎవరూ చెప్పుల కోసం తడుముకోలేదు. పాట మొదలు కాకముందే ఎప్పుడో ఎవరో, వచ్చినవాళ్ళ జతలన్నిటినీ బయటికి ముఖం చేసి, కాలు పెట్టి నేరుగా నడిచిపోయేలా వరసగా సర్ది పెట్టారు. ఇప్పుడు ఆ మెట్టు మీద, తడి ఇంకా ఆరని బండ మీద, మడమలు అరిగిన ఒక్క జత మిగిలింది, లోపలికి ముఖం చేసి.